సామ్రాజ్యవాదం అంటే ఏమిటి? బిలాస్‌పూర్ రైలు పట్టాల మీద ఒక పాఠం



పరీక్షలో "సామ్రాజ్యవాదాన్ని నిర్వచించండి" అని రెండు మార్కుల ప్రశ్న వస్తే మీలో చాలామంది "బలమైన దేశం బలహీనమైన దేశాన్ని ఆక్రమించుకుని దాని సంపదను దోచుకోవడం" అని రాస్తారు. మార్కులు కూడా పడతాయి. కానీ ఆ జవాబును కాస్త పరీక్షించి చూడండి. ఆక్రమణ లేకుండా సామ్రాజ్యవాదం ఉండదా? రైలు వేయడం, వంతెన కట్టడం, రేవు తవ్వడం దోపిడీ కిందికి వస్తాయా? మన రాజులు పొరుగు రాజ్యాలను జయిస్తే దాన్ని ఏమనాలి? ఇవాళ పత్రికల్లో, సభల్లో ఎవరికి నచ్చనిదాన్ని వారు సామ్రాజ్యవాదం అంటుంటే, ఆ మాటను ఎక్కడ నమ్మాలి, ఎక్కడ ఆగి ఆలోచించాలి?

నేను సైన్సు బోధిస్తాను. సైన్సులో మొదటి రోజు చెప్పే పాఠమే మాటల గురించి. తలమీద మూటతో బిలాస్‌పూర్ ప్లాట్‌ఫారం మీద కదలకుండా నిలబడిన కూలీ, భౌతికశాస్త్రం ప్రకారం, ఆ మూట మీద ఏ పనీ చేయడం లేదు. ఈ సంగతి ఆయనతో చెప్పి చూడండి, ఏమంటాడో! వాడుకలో 'పని'కి ఒక అర్థం, శాస్త్రంలో మరొక అర్థం. రెండూ తప్పు కావు. ఎక్కడ ఏ అర్థంలో వాడుతున్నామో తెలియకపోతేనే చిక్కు వస్తుంది. సామ్రాజ్యవాదం అనే మాటకూ ఇదే చిక్కు ఉంది. అది ఒకచోట నినాదం, ఒకచోట తిట్టు, మరొకచోట చరిత్రను కొలిచే సాధనం. ఈ పాఠంలో ఆ మూడింటినీ విడదీసి చూద్దాం. ఉదాహరణకు దూరం వెళ్లనక్కరలేదు. ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ రైల్వే పట్టణం చాలు.

మాట ఎక్కడిది?

లాటిన్ భాషలో 'ఇంపీరియం' అంటే ఆజ్ఞాపించే అధికారం. మొదట్లో ఇది భూభాగం పేరు కాదు. రోమ్ నగరంలో కొందరు ఉన్నతాధికారులకు మాత్రమే ఉన్న హక్కు. వారి ముందు కర్రల కట్ట, గొడ్డలి పట్టుకుని భటులు నడిచేవారు. ఆజ్ఞ ఎంతవరకు చెల్లుతుందో అంతవరకు ఇంపీరియం. తరువాత ఆ ఆజ్ఞ చెల్లే నేల మొత్తానికీ అదే పేరు వచ్చింది. దాని నుంచే ఇంగ్లీషులో 'ఎంపైర్', 'ఎంపరర్', 'ఇంపీరియల్' పుట్టాయి.

మనవైపు 'సామ్రాజ్యం' అనే మాట 'సమ్రాట్' నుంచి వచ్చింది. వైదిక గ్రంథాల్లో ఇది పాత మాటే. ఐతరేయ బ్రాహ్మణంలో సామ్రాజ్యం, భౌజ్యం, స్వారాజ్యం, వైరాజ్యం అంటూ రాజ్యాధికారాల జాబితా ఉంది. శతపథ బ్రాహ్మణం రాజసూయం చేసినవాడు రాజు అవుతాడని, వాజపేయం చేసినవాడు సమ్రాట్టు అవుతాడని చెబుతుంది. తెలుగులో ఈ మాటకు చెడ్డ పేరు ఎన్నడూ లేదు. విజయనగర సామ్రాజ్యం అంటే మనకు గర్వం. ఆడపిల్లలకు సామ్రాజ్యం, సామ్రాజ్యలక్ష్మి అని పేర్లు పెట్టుకున్న జాతి మనది. అలాంటి మాట చివర 'వాదం' చేరగానే అర్థం తలకిందులైంది. కాబట్టి ఆ తోకను కూడా కాస్త పరిశీలించాలి.

వాదమా, త్వమా, యంత్రాంగమా?

ఇంగ్లీషులో 'ఇజం' అనే ప్రత్యయం అనేక పనులు చేస్తుంది. 'సోషలిజం'ను మనం సామ్యవాదం అన్నాం. 'మాగ్నటిజం'ను మాత్రం అయస్కాంతవాదం అనలేదు, అయస్కాంతత్వం అన్నాం. ఎందుకంటే అది ఎవరి అభిప్రాయమూ కాదు, ఇనుములో కనిపించే గుణం. 'మెకానిజం'కు యంత్రాంగం అని పేరు పెట్టాం. ఒకే తోకకు తెలుగులో మూడు రూపాలు వచ్చాయి.

ఇంపీరియలిజంను సామ్రాజ్యవాదం అని తెలుగు చేసినప్పుడు అది కేవలం ఒక వాదం, అంటే కొందరి సిద్ధాంతం అన్నట్లు వినిపిస్తుంది. నిజానికి ఆ మాటలో మూడూ ఉన్నాయి. ఇతరులను పాలించడం తమ హక్కు, తమ బాధ్యత అనే నమ్మకం మొదటిది, ఇది వాదం. ఇతర ప్రాంతాల మీదికి విస్తరించే ఒక రాజ్యపు స్వభావం రెండోది, ఇది త్వం. ఒకచోట కష్టాన్ని, సంపదను, నిర్ణయాన్ని మరొకచోటికి చేర్చే ఏర్పాటు మూడోది, ఇది యంత్రాంగం. వాదన చేసేవారు ఒకరు మొదటి అర్థంలోను, మరొకరు మూడో అర్థంలోను మాట్లాడుకుంటూ పోతే ఎన్ని గంటలైనా తేలదు. "ఆ ఇంజనీరు మంచివాడు, కూలీలను బాగా చూసుకున్నాడు" అనేది మొదటిదానికి జవాబు కావచ్చు. మూడోదానికి కాదు.

మాట రంగు మారిన కథ

ఇంపీరియలిజం అనే మాట ఇంగ్లీషులో వాడుకలోకి వచ్చింది 19వ శతాబ్దం మధ్యలో. అప్పుడు అది భారతదేశం గురించి కాదు, ఫ్రాన్సు గురించి. 1852 నుంచి 1870 వరకు ఫ్రాన్సును ఏలిన మూడో నెపోలియన్ చక్రవర్తి పాలనా పద్ధతిని విమర్శించేవారు ఆ మాట వాడేవారు. ఆడంబరం, సైన్యం, ఏకవ్యక్తి అధికారం అని దాని భావం.

1876లో బ్రిటిష్ పార్లమెంటు చేసిన చట్టంతో విక్టోరియా రాణికి భారత సామ్రాజ్ఞి అనే బిరుదు వచ్చింది. 1877 జనవరి 1న ఢిల్లీ దర్బారులో దాన్ని ప్రకటించారు. ప్రధాని డిజ్రేలీ ప్రత్యర్థులు అప్పుడే ఈ మాటను ఫ్రాన్సు నుంచి ఇంగ్లండుకు తెచ్చి ఆయన మీద విసిరారు. అంటే ఇంగ్లండులో కూడా అది మొదట తిట్టే.

ఇరవై ఏళ్లు తిరిగేసరికి రంగు మారింది. 1895లో వలసల మంత్రి అయిన జోసెఫ్ చేంబర్లేన్, ఆయన అనుచరులు తాము సామ్రాజ్యవాదులమని గర్వంగా చెప్పుకున్నారు. తరువాత దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధం (1899–1902) వచ్చింది. ఆ యుద్ధానికి ముందు విలేఖరిగా అక్కడికి వెళ్లివచ్చిన జె.ఎ.హాబ్సన్ 1902లో ఈ మాటనే పేరుగా పెట్టి పుస్తకం రాశాడు. స్వదేశంలో కూలీలకు చాలినంత జీతం లేక సరుకు అమ్ముడుపోదు, ధనవంతుల దగ్గర పొదుపు మిగిలిపోతుంది, ఆ డబ్బు లాభం కోసం విదేశాలకు పోతుంది, దానికి కాపలాగా సైన్యం పోతుంది అని ఆయన వాదన. 1916లో లెనిన్ ఈ ఆలోచనను మరింత ముందుకు తీసుకువెళ్లి, గుత్త కంపెనీలు, బ్యాంకు పెట్టుబడి ప్రపంచాన్ని పంచుకునే దశగా సామ్రాజ్యవాదాన్ని వివరించాడు. అక్కడినుంచి ఇది ఆర్థికశాస్త్రపు మాట అయింది.

మన దేశంలోనూ ఇలాంటి మార్పే వచ్చింది. దాదాభాయి నౌరోజీ 1901లో ప్రచురించిన గ్రంథంలో భారతదేశ పేదరికానికి కారణమైన పాలనను బ్రిటిష్ స్వభావానికి విరుద్ధమైనదిగా వర్ణించాడు. సామ్రాజ్యం తన మంచి మాటకు కట్టుబడితే చాలునని ఆ తరం ఆశ. 1927 ఫిబ్రవరిలో బ్రస్సెల్స్‌లో సామ్రాజ్యవాద వ్యతిరేక మహాసభ జరిగినప్పుడు కాంగ్రెసు తరఫున జవహర్‌లాల్ నెహ్రూ వెళ్లాడు. 1929 ఏప్రిల్ 8న కేంద్ర శాసనసభలో బాంబు వేసిన భగత్‌సింగ్, బటుకేశ్వర్ దత్ ఇచ్చిన నినాదాల్లో సామ్రాజ్యవాదం నశించాలన్నది ఒకటి. ఒక తరం వ్యవధిలో సంస్కరించుకోవలసిన సామ్రాజ్యం కాస్తా కూల్చవలసిన సామ్రాజ్యవాదం అయింది.

ఈ మార్పుకు కారణం పుస్తకాలు మాత్రమే కాదు. మనుషులు రోజూ చూసిన యంత్రాంగం. దాన్ని ఇప్పుడు బిలాస్‌పూర్‌లో చూద్దాం.

బిలాస్‌పూర్‌కు రైలు ఎందుకు వచ్చింది?

1876–78 కరవు తరువాత నియమించిన కరవు కమిషన్ 1880లో నివేదిక ఇచ్చింది. కరవు ప్రాంతాలకు ధాన్యం చేరవేయడానికి కనీసం 5,000 మైళ్ల రైలు మార్గం వెంటనే కావాలని చెప్పింది. నాగపూర్ నుంచి రాజ్‌నందగావ్ వరకు మీటర్‌గేజి రైలు ప్రభుత్వ ఖర్చుతో అప్పటికే వేస్తున్నారు. 1887లో బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ లండన్‌లో ఏర్పడి ఆ మార్గాన్ని తీసుకుని బ్రాడ్‌గేజిగా మార్చి తూర్పుకు పొడిగించింది. 1891 నాటికి పట్టాలు బిలాస్‌పూర్ మీదుగా ఆసన్‌సోల్ వరకు చేరాయి. ఉమరియా బొగ్గు గనుల మీదుగా కట్నీ వైపు మరో మార్గం కలిసింది. అర్పా నది ఒడ్డున ఉన్న చిన్న జిల్లా కేంద్రం పెద్ద జంక్షను అయింది. మన పెద్దవాళ్లు బి.ఎన్.ఆర్. అని పిలిచే కంపెనీ ఇదే.

రైలు పట్టాల మధ్య దూరం 1,676 మిల్లీమీటర్లు అని మీరు చదివి ఉంటారు. ఇంత వింత సంఖ్య ఎందుకు? దాన్ని 304.8తో భాగించండి. అయిదున్నర వస్తుంది. అయిదు అడుగుల ఆరు అంగుళాలన్నమాట. బ్రిటిష్ వారు 1824 చట్టంతో స్థిరపరచిన కొలతలను ఇంపీరియల్ కొలతలు అంటారు. మనం మెట్రిక్ పద్ధతికి మారి దశాబ్దాలు గడిచినా ఆ అయిదున్నర అడుగులు పట్టాల కింద అలాగే ఉన్నాయి. ఇది సామ్రాజ్యపు గుర్తే. కానీ ఇది సామ్రాజ్యవాదమా? కాదు. కొలబద్ద ఎవరిదైనా దానివల్ల ఎవరి అన్నమూ తగ్గదు. గుర్తు వేరు, యంత్రాంగం వేరు. యంత్రాంగం ఖాతా పుస్తకంలో ఉంటుంది.

హామీ లెక్క

రైలు వేయడానికి లండన్‌లో వాటాలు అమ్మారు. ఎక్కడో మధ్య భారతంలో అడవుల మధ్య వేసే మార్గానికి అక్కడివారు డబ్బు ఎందుకు పెడతారు? భారత ప్రభుత్వం వడ్డీకి హామీ ఇచ్చింది కాబట్టి. 1849లో తొలి కంపెనీలకు ఇచ్చిన హామీ 5 శాతం. 1880లలో వచ్చిన కొత్త కంపెనీలకు ఈ రేటు తగ్గింది, షరతులు కొంత మెరుగయ్యాయి, పద్ధతి మాత్రం కొనసాగింది.

తొలి హామీని తీసుకుని ఒక చిన్న లెక్క చేయండి. ఒకాయన 100 పౌన్ల వాటా కొన్నాడు. ఆ ఏడు రైలు 3 పౌన్లే సంపాదించింది. మిగతా 2 పౌన్లు భారత ఖజానా నుంచి వస్తాయి. ఖజానాకు ప్రధాన ఆదాయం భూమిశిస్తు, ఉప్పు పన్ను వంటివి. రైలు నష్టపోతే లండన్ వాటాదారుకు నష్టం లేదు. రైలు ఎన్నడూ ఎక్కని రైతు ఆ తేడా కడతాడు. రైలు బాగా సంపాదిస్తే మిగులులో వాటాదారుకూ పాలు ఉంది.

దీనికి మరో మెలిక ఉంది. హామీ పౌన్లలో, పన్ను రూపాయల్లో. 1870ల మొదట్లో రూపాయి దాదాపు 2 షిల్లింగులు. పౌనుకు 20 షిల్లింగులు కాబట్టి ఒక పౌనుకు పది రూపాయలు. వెండి ధర పడిపోవడంతో రూపాయి విలువ తగ్గుతూ వచ్చి 1890ల చివర 1 షిల్లింగు 4 పెన్నీల దగ్గర స్థిరపడింది. అంటే 16 పెన్నీలు. పౌనుకు 240 పెన్నీలు కాబట్టి ఇప్పుడు పదిహేను రూపాయలు. లండన్‌లో అందే వడ్డీ అంతే ఉన్నా, ఇక్కడ కట్టవలసింది ఒకటిన్నర రెట్లయింది. ఇందులో ఎవరూ కత్తి దూయలేదు, ఎవరి ఇల్లూ దోచుకోలేదు. సంతకాలు, లెక్కలు మాత్రమే ఉన్నాయి. ఇంజన్లు, పట్టాలు కూడా ఎక్కువ భాగం బ్రిటన్ నుంచే కొన్నారు. మన దేశంలో పెద్ద ఎత్తున రైలింజన్ల తయారీకి చిత్తరంజన్ కర్మాగారం 1950లో గాని మొదలు కాలేదు.

ఇక కరవు సంగతి. రైలు వచ్చిన అయిదారేళ్లకే 1896–97లోను, మళ్లీ 1899–1900లోను మధ్య పరగణాలను ఘోరమైన కరవులు పట్టాయి. బిలాస్‌పూర్ జిల్లా వాటిలో తీవ్రంగా దెబ్బతింది. రైలు సహాయ ధాన్యం తెచ్చింది, ఇది నిజం. అదే రైలు మామూలు రోజుల్లో ఛత్తీస్‌గఢ్ బియ్యాన్ని దూరపు బజార్లకు తీసుకుపోయింది, అక్కడి ధరను ఇక్కడి పల్లెకు తెచ్చింది, ఇది కూడా నిజం. ఆకలి ఉన్నంత మాత్రాన ధాన్యం ఆ వైపు వెళ్లదు. కొనే శక్తి ఉన్నవైపు వెళుతుంది. కూలీ చేతిలో డబ్బు లేనప్పుడు పట్టాలుండి ప్రయోజనం తక్కువ.

నీటిమీద నూనె పొర

1921లో ఆక్‌వర్త్ కమిటీ భారతీయ రైల్వేలను పరిశీలించింది. అప్పుడు రైల్వేల్లో సుమారు 7,10,000 మంది పనిచేసేవారు. వారిలో యూరోపియన్లు దాదాపు 7,000, అంటే నూటికి ఒకరు. కానీ ఉన్నత పదవుల్లో భారతీయులు లేరు. గ్లాసు నీటిమీద తేలే పలుచని నూనె పొరతో కమిటీ ఆ 7,000 మందిని పోల్చింది. ఆ పొర కింది నీటి మీద ఆనుకుని ఉంటుంది, అందులో కలవదు. ఈ పోలిక చేసింది ఉద్యమకారులు కాదని, బ్రిటిష్ ప్రభుత్వం వేసిన కమిటీయేనని గుర్తుంచుకోండి.

ఆ పొర రైల్వే పట్టణాల నేల మీద కూడా కనిపించేది. సాహెబు బంగళాలు ఒకవైపు, డ్రైవర్ల, గార్డుల క్వార్టర్లు ఒకవైపు, ఖలాసీల గదులు మరోవైపు. ఎవరి ఇన్‌స్టిట్యూట్ వారిదే.

కాలనీ, వలస

ఇక్కడ తెలుగు విద్యార్థులు ప్రత్యేకంగా ఆలోచించవలసిన రెండు మాటలున్నాయి. మనం రోజూ అనే రైల్వే 'కాలనీ', చరిత్ర పుస్తకంలోని 'కాలనీ' ఒకే మాట. రోమనులు జయించిన నేలమీద తమవారిని తెచ్చి నిలిపిన ఊరు 'కొలోనియా'. జర్మనీలోని కొలోన్ నగరానికి ఆ పేరే ఉంది. మన ఇళ్లలో ఒకప్పుడు జ్వరానికి నుదుట అద్దిన ఓడికొలోన్‌లో ఉన్నదీ ఆ ఊరి పేరే.

రెండోది 'వలస'. కలోనియలిజంను మనం వలసవాదం అన్నాం. కానీ తెలుగులో వలస అంటే బతుకుతెరువుకు ఊరు విడిచిపోవడం కూడా. పాలించడానికి వచ్చినవాడిదీ వలసే, పలుగు పట్టడానికి వచ్చినవాడిదీ వలసే. ఒకే మాట రెండింటికీ వాడితే బోనులో ఎవరు నిలబడాలో తెలియకుండా పోతుంది.

బి.ఎన్.ఆర్. తెలుగు నేలకు ఎలా చేరిందో చూడండి. కటక్ నుంచి వాల్తేరు వరకు ఉన్న తూర్పు తీరపు మార్గం 20వ శతాబ్దం మొదట్లో ఈ కంపెనీ చేతికి వచ్చింది. రాయపూర్ నుంచి విజయనగరం వరకు కొండలగుండా వేసిన మార్గం 1931లో పూర్తయింది. 1933లో విశాఖపట్నం రేవు ప్రారంభమైంది. మధ్య పరగణాల మాంగనీసు ఖనిజాన్ని ఓడలకెక్కించడం ఆ రేవు ఉద్దేశాల్లో ముఖ్యమైనది. ఖనిజం పట్టాల మీద సముద్రం వైపు దిగింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు మనుషులు అవే పట్టాల మీద పైకి ఎక్కారు. ఖరగ్‌పూర్‌లో, బిలాస్‌పూర్‌లో గ్యాంగ్‌మన్లుగా, ఖలాసీలుగా, ఫిట్టర్లుగా, ఫైర్‌మన్లుగా స్థిరపడ్డారు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో ఇంట్లో తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ, బడిలో హిందీ మాట్లాడే కుటుంబాలు అలా ఏర్పడ్డవే. అదే కాలంలో బిలాస్‌పూర్ పల్లెల నుంచి కరవుకు తాళలేని కుటుంబాలు అస్సాం తేయాకు తోటలకు తరలిపోయాయి. ఒక ఊరివారు లోపలికి, ఆ ఊరివారు బయటికి; ఇద్దరినీ మోసింది ఒకే రైలు.

వీరు వలస వచ్చినవారే గాని వలసవాదులు కారు. ఆజ్ఞ వారిది కాదు, ఖాతా వారిది కాదు. మీ ముత్తాత ఆ కంపెనీలో పనిచేశాడని మీరు సిగ్గుపడనక్కరలేదు. ఆ పట్టాలు వేసిన చెమట ఆయనది. అలాగని మనం వచ్చిన ఊరిలో మనకంటే ముందున్నవారికి ఏం దక్కిందో అడగకుండా ఉండకూడదు.

వారు ఊరుకోలేదు కూడా. బరంపురంలో పుట్టిన తెలుగువాడు వి.వి.గిరి బి.ఎన్.ఆర్. కార్మిక సంఘాన్ని నడిపించాడు. 1927లో ఖరగ్‌పూర్‌లో పెద్ద సమ్మె జరిగింది. నెహ్రూ బ్రస్సెల్స్‌లో సామ్రాజ్యవాదం గురించి మాట్లాడిన ఏడాదే ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో అదే విషయం ఉద్యోగాల కోత, జీతం అనే మాటల్లో వినిపించింది. అంతకుముందు 1921లో హిందీ కవి మాఖన్‌లాల్ చతుర్వేది బిలాస్‌పూర్‌లో చేసిన ప్రసంగానికి రాజద్రోహ నేరం కింద శిక్షపడి ఇక్కడి జైలులోనే ఉన్నాడు. వద్దు అన్నవారికి ఏం జరిగేదో దీన్నిబట్టి తెలుస్తుంది.

అవతలి వాదన

న్యాయంగా మాట్లాడాలంటే అవతలివారి మాట కూడా వినాలి. రైలు వల్ల ప్రాంతాల మధ్య సరుకు రవాణా ఖర్చు తగ్గి ప్రజల నిజ ఆదాయాలు పెరిగాయని ఆర్థికవేత్త డేవ్ డొనాల్డ్‌సన్ పాత రికార్డుల ఆధారంగా లెక్కగట్టి 2018లో ప్రచురించాడు. టాటాల ఉక్కు కర్మాగారం వెలిసింది బి.ఎన్.ఆర్. మార్గం పక్కనే. స్వాతంత్ర్యం తరువాత భిలాయి ఉక్కు కర్మాగారానికి ఆధారం ఆ పట్టాలే.

ఇవన్నీ ఒప్పుకుందాం. ఒప్పుకున్నంత మాత్రాన మన ప్రశ్నకు జవాబు రాదు. రైలు మేలు చేసిందా అనేది ఒక ప్రశ్న. ఆ మేలు ఎవరికి ఎంత చేరాలో నిర్ణయించే హక్కు ఎవరి చేతిలో ఉంది అనేది మరో ప్రశ్న. సామ్రాజ్యవాదం అనే మాట రెండో ప్రశ్నకు సంబంధించినది. మొదటిదానికి 'అవును' అని జవాబు వచ్చినా రెండోది అలాగే మిగులుతుంది.

నాలుగు ప్రశ్నల పరీక్ష

ప్రయోగశాలలో ఒక ద్రవం ఆమ్లమో కాదో తెలియాలంటే లిట్మస్ కాగితం ముంచుతాం. ఈ మాటకు అంత సులువైన కాగితం లేదు. అయినా నాలుగు ప్రశ్నలు వేసి చూడవచ్చు.

1. నిర్ణయం ఎక్కడ జరుగుతోంది? దాని ఫలితం అనుభవించేవారికి అందులో చోటుందా?

2. లాభం ఎవరికి, నష్టం వస్తే భారం ఎవరికి?

3. పై మెట్టుకు ఎక్కే దారి అక్కడివారికి ఉందా, పుట్టుకతోనే మూసి ఉందా?

4. వద్దు అని చెప్పే మార్గం ఉందా? చెప్పినవారు క్షేమంగా ఉంటారా?

1891 నాటి బి.ఎన్.ఆర్.కు ఈ పరీక్ష పెట్టండి. నాలుగింటికీ జవాబు ఒకేవైపు వస్తుంది. ఇక్కడ ఆ మాట వాడడం న్యాయం.

ఇప్పుడు అర్జెంటీనా తీసుకోండి. అక్కడి రైళ్లలో కూడా ఎక్కువ భాగం బ్రిటిష్ కంపెనీలవే, కొన్నిటికి వడ్డీ హామీలూ ఉండేవి. కానీ ఆ హామీ ఇచ్చింది అర్జెంటీనా సొంత ప్రభుత్వం. 1948లో ఆ దేశమే ఆ రైళ్లను కొనేసింది. జెండా లేకుండా డబ్బు ద్వారా నడిచే ఇలాంటి ప్రభావాన్ని చరిత్రకారులు గాలగర్, రాబిన్సన్ 1953లో ఒక ప్రసిద్ధ వ్యాసంలో అనధికార సామ్రాజ్యం కింద చర్చించారు. రెండో ప్రశ్నకు జవాబు బిలాస్‌పూర్‌కు దగ్గరగా ఉంటుంది, మొదటి, నాలుగో ప్రశ్నలకు దూరంగా ఉంటుంది. కాబట్టి ఆ మాటను ఎంత మోతాదులో వాడాలో చూసుకోవాలి.

జపాన్ 1872లో బ్రిటిష్ అప్పుతో, బ్రిటిష్ ఇంజనీర్ల సాయంతో తొలి రైలు నడిపింది. నిర్ణయం మాత్రం జపాన్‌దే. ఆ జపానే 1895లో తైవాన్‌ను తీసుకుంది, 1910లో కొరియాను కలుపుకుంది. నిన్నటిదాకా పాశ్చాత్యుల ముందు జాగ్రత్తగా నిలబడిన దేశం తానే సామ్రాజ్యవాది అయింది. ఇది తెల్లవారి రక్తంలో మాత్రమే ఉన్న గుణం కాదని దీనివల్ల తెలుస్తుంది. మరి 1025లో శ్రీవిజయ రేవుల మీదికి నౌకాదళాన్ని పంపిన రాజేంద్ర చోళుడి సంగతి? అది దండయాత్ర, సామ్రాజ్య ప్రతిష్ఠ. కానీ హాబ్సన్ చెప్పిన మిగులు పెట్టుబడి, హామీ వడ్డీ అక్కడ వెతికితే దొరకవు. విశాలమైన అర్థంలో ఆ మాట చెల్లుతుంది, ఆధునిక అర్థంలో చెల్లదు. ఏ అర్థంలో అంటున్నారో చెప్పి వాడండి.

1944 అక్టోబర్ 1న ప్రభుత్వం బి.ఎన్.ఆర్.ను కంపెనీ నుంచి తీసుకుంది. కంపెనీ పోయింది, కానీ ఢిల్లీలో ఉన్నది ఇంకా పరాయి ప్రభుత్వమే. రెండో ప్రశ్నకు జవాబు కొంత మారింది, మొదటిది మారడానికి 1947 దాకా ఆగాలి. యాజమాన్యం మారడం, అధికారం మారడం ఒకటి కావు.

చివరగా కష్టమైన ఉదాహరణ. 1974 మేలో దేశమంతటా రైల్వే కార్మికులు సమ్మె చేశారు. స్వతంత్ర భారత ప్రభుత్వం దాన్ని కఠినంగా అణచివేసింది, వేలమందిని జైల్లో పెట్టింది. అప్పుడు రాష్ట్రపతి ఎవరో తెలుసా? ఒకనాడు బి.ఎన్.ఆర్. కార్మికులను నడిపించిన వి.వి.గిరి. మరి దీన్ని సామ్రాజ్యవాదం అందామా? అది అన్యాయమని వాదించవచ్చు, నేను అడ్డు చెప్పను. కానీ ఆ ప్రభుత్వాన్ని ఎన్నుకున్నది ఈ దేశ ప్రజలే, మూడేళ్లలో 1977లో ఓటుతో దించినదీ వారే. ప్రతి అన్యాయానికీ ఒకే పేరు పెడితే రెండు నష్టాలున్నాయి. అసలు సామ్రాజ్యవాదం ఎదురైనప్పుడు గుర్తుపట్టలేం. మన ఇంటి అన్యాయానికి మన బాధ్యతను పరాయివారి ఖాతాలో రాసేస్తాం.

నేటి మాట

2003 ఏప్రిల్ నుంచి బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కేంద్రం. నిర్ణయాలు చేసే కార్యాలయం ఇప్పుడు ఊళ్లోనే ఉంది. కోర్బా వైపునుంచి బొగ్గు బండ్లు పగలూ రాత్రీ సాగుతున్నాయి. ఆ బొగ్గు దేశానికి వెలుగు ఇస్తోంది. గని కోసం భూమి ఇచ్చిన పల్లెకు ఏం తిరిగివచ్చింది అని అడిగేవారున్నారు. కొందరు దీనికి అంతర్గత వలసవాదం అని పేరు పెడతారు, మరికొందరు ఆ మాట అతి అంటారు. నేను తీర్పు చెప్పను. నాలుగు ప్రశ్నలు మీ చేతిలో ఉన్నాయి. ఓటు, కోర్టు, గ్రామసభ ఉన్నాయి కాబట్టి 1891 నాటి జవాబులు ఇక్కడ సరిపోవు. కానీ గ్రామసభలో ఆదివాసీ రైతు 'వద్దు' అంటే ఆ మాట ఎంతవరకు నిలుస్తోందో విచారించకుండా నాలుగో ప్రశ్నకు మార్కులు వేయకండి.

మాటను పదునుగా ఉంచుకోవడం పౌరుడి పని. కత్తితో గోడకు మేకులు కొడుతూ పోతే కూరగాయ తరగవలసిన రోజున అది తెగదు.

గుర్తుంచుకోవలసిన అంశాలు

• ఇంపీరియం అంటే మొదట ఆజ్ఞాపించే అధికారం. ఇంపీరియలిజం అనే మాట 1850–1870 మధ్య ఫ్రాన్సు గురించి, 1870ల చివర బ్రిటన్ గురించి, 1902 తరువాత ఆర్థిక విశ్లేషణలో వాడుకలోకి వచ్చింది.

• ఈ మాటలో నమ్మకం, రాజ్యస్వభావం, యంత్రాంగం అనే మూడు అర్థాలున్నాయి.

• హామీ వడ్డీ పద్ధతిలో లాభం వాటాదారుకు, నష్టపు భారం భారతీయ పన్ను చెల్లింపుదారుకు చేరేవి.

• వలస, వలసవాదం వేర్వేరు. బతుకు కోసం వచ్చినవారు, పాలించడానికి వచ్చినవారు ఒకటి కారు.

ఆలోచించండి

1. మీ ఊళ్లో బ్రిటిష్ కాలంలో వేసిన రైలు, కాలువ, రేవు, ఆనకట్టలలో ఒకదాన్ని ఎంచుకోండి. నాలుగు ప్రశ్నలు వేసి జవాబులు రాయండి.

2. ఈ వారం దినపత్రికల్లో సామ్రాజ్యవాదం అనే మాట కనిపించిన వాక్యాలు సేకరించండి. ఒక్కొక్కటి ఏ అర్థంలో వాడారో చర్చించండి.

3. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఏ ఊరి నుంచి, ఏ పని కోసం ఇక్కడికి వచ్చారో అడిగి తెలుసుకోండి. అప్పటికే ఈ ఊరిలో ఉన్నవారి కుటుంబం నుంచి వచ్చిన మీ తరగతి మిత్రుడినీ అదే ప్రశ్న అడగండి. రెండు కథలూ పక్కపక్కన పెట్టి చదవండి.